తాళం తప్పింది ఎవరు?



పోయిన రెండు సంచికల్లో ఈ పేజీలో పరీక్షల ఒత్తిడి గురించి, లంచ్ బాక్సుల గురించి చాలా చక్కగా రాశారు. నేను రాస్తున్నది మాత్రం మా ఇంట్లో టీవీ వెనకాల ఉండే ఒక చిన్న కంప్యూటర్ గురించి. ఫోన్‌లో చెబితే ఎడిటర్ మేడమ్ కాస్త ఆగి, "ఇది పేరెంటింగ్ కిందికి వస్తుందాండీ?" అన్నారు. చదివాక మీరే చెప్పండి.

ఆ కంప్యూటర్ మిఠాయి డబ్బా అంత ఉంటుంది. 2014లో మా వారు ముచ్చటపడి కొన్నారు. దాన్ని హెచ్‌డీఎంఐ కేబుల్‌తో టీవీకి తగిలించి, పాత ఫొటోలు, పాటలు, పెళ్లి వీడియోలు అన్నీ అందులో పెట్టారు. "ఇంట్లోనే థియేటర్" అనేవారు. ఆ తర్వాత ఆయనకి విశాఖపట్నం బదిలీ అయింది. ఇప్పుడు నెలకి రెండుసార్లు వస్తారు. ఇక్కడ విజయవాడలో నేను, తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి, ఆ డబ్బా. దసరా వెళ్లినప్పటి నుంచి మా మామయ్య గారు కూడా.

మామయ్య గారు తెలుగు మాస్టారుగా రిటైరయ్యారు. ఊళ్లో భజన సమాజంలో నలభై ఏళ్లు తాళాలు వేసిన చెయ్యి ఆయనది. మా అమ్మాయిని ఆరో ఏట కూచిపూడి క్లాసులో చేర్పించింది ఆయనే. మొదటి గజ్జెలు కొన్నదీ ఆయనే. నవంబరులో దాని రంగప్రవేశం పెట్టుకున్నాం. సరిగ్గా పదిరోజుల ముందు ఆయన బాత్‌రూమ్‌లో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది. ప్రోగ్రామ్ రోజున ఆయన ఆసుపత్రి మంచం మీద ఉన్నారు. "వీడియో తీయించండమ్మా, నేను తర్వాత తీరిగ్గా చూస్తా" అన్నారు.

మా తమ్ముడు బెంగళూరు నుంచి వచ్చి తన ఐఫోన్‌తో తీశాడు. అన్నిటికంటే ఎక్కువ సెట్టింగ్ పెట్టాడు, 4కె, సెకనుకి 60 ఫ్రేములు. "అక్కా, ఒక్క వేలు కదిలినా కనపడాలి" అన్నాడు. తరంగం ఒక్కటే పద్నాలుగు నిమిషాలు, అయిదున్నర జీబీ పైనే వచ్చింది. వాట్సాప్‌లో పంపితే మొహం కూడా పోల్చుకోలేనంతగా నలిపేసింది. పెన్‌డ్రైవ్‌లో వేద్దామంటే ఇరవై జీబీ ఖాళీ ఉన్నా "ఫైల్ చాలా పెద్దది" అని ఒప్పుకోలేదు. (ఫ్యాట్ 32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్ 4 జీబీ దాటిన ఫైల్‌ని తీసుకోదట. మీకెప్పుడైనా ఇలా జరిగితే పెన్‌డ్రైవ్ పాడైందని పారేయకండి.) చివరికి వాడు గూగుల్ డ్రైవ్‌లో పెడితే నేను ల్యాప్‌టాప్‌లోకి దించుకున్నాను.

ఆ సాయంత్రం మామయ్య గారు ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నారు. నేనూ, అమ్మాయీ టీవీ ముందు కూర్చున్నాం. తెర లేచింది. మొదటి నిమిషం నుంచే బొమ్మ తెగి తెగి వస్తోంది. నేనైతే "ఏదో నెట్ ప్రాబ్లెం" అనుకుని ఊరుకున్నాను. కానీ తరంగంలో ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలబడి వేసే జతి వచ్చేసరికి, నట్టువాంగం ముందు వెళ్లిపోతోంది, దాని పాదాలు వెనక పడుతున్నాయి. గురువుగారి తాళం ఒకచోట, పిల్ల అడుగు ఇంకోచోట. అది రిమోట్ తీసుకుని ఆపేసింది. ఏమీ అనలేదు. లోపలికి వెళ్లి పడుకుంది.

మరుసటి వారం క్లాసుకి వెళ్లలేదు. కాళ్లు నొప్పులంది. ఆ పై వారం స్లిప్ టెస్ట్ ఉందంది. మూడో వారం నేనే అడిగితే, "పళ్లెం మీద తాళం తప్పానమ్మా. అందరూ చూశారు. మేడమ్ బాధపడతానని చెప్పలేదు" అంది.

ఇక్కడ మీకొక నిజం చెప్పాలి. ఆ మాట విని నేను దాన్ని దగ్గరికి తీసుకున్నాను, ఓదార్చాను. కానీ లోపల ఎక్కడో ఒక మూల, హమ్మయ్య అనుకున్నాను. వచ్చే ఏడు పదో తరగతి. వారానికి మూడు సాయంత్రాలు డాన్సుకి పోతాయి. ఆ సంగతి ఎలా ఎత్తాలా అని ఆర్నెల్లుగా ఆలోచిస్తున్నాను. ఇప్పుడు నేను నోరు తెరవకుండానే అదే మానేస్తోంది. ఇది చదువుతున్న మీలో కొందరికైనా ఆ హమ్మయ్య తెలుసు. అందుకే దాచకుండా రాస్తున్నాను.

మామయ్య గారు డిశ్చార్జి అయి మా ఇంటికి వచ్చారు. వాకర్ పట్టుకుని హాల్లోకి వచ్చి రోజూ అదే ప్రశ్న. "వీడియో ఎప్పుడు చూపిస్తావే బంగారూ?" ఇది రోజుకొక సాకు చెప్పేది. మా వారికి ఫోన్ చేస్తే, "పాతబడిపోయిందిలే, సంక్రాంతి ఆఫర్లలో 4కె టీవీ తీసుకుందాం, ఈఎంఐ పెట్టేద్దాం" అన్నారు. రెండో టర్మ్ ఫీజు కట్టిన వారం అది. మాట అక్కడితో ఆగిపోయింది.

తమ్ముడికి చెబితే ఆశ్చర్యపోయాడు. "నా ఫోన్‌లో అస్సలు తెగట్లేదే అక్కా!" అన్నాడు. అమ్మాయికి ఆ మాట చెప్పాను. నమ్మలేదు. చిన్న తెర మీద తప్పు కనపడదంది.

ఆ ఆదివారం పొద్దున్న నేనే పని పట్టాను. రూటర్ ఆపి మళ్లీ వేశాను. కేబుల్ మార్చాను. డబ్బా వెనక పట్టిన దుమ్ము దులిపాను. విండోస్ అప్‌డేట్ పెట్టాను. వీడియో ప్లేయర్‌లో ఏవేవో సెట్టింగులు నొక్కాను. అన్నీ ఒకేసారి. తర్వాత చూస్తే బొమ్మ అలాగే తెగుతోంది, పైగా ఇప్పుడు మాట కూడా రావట్లేదు. దేనివల్ల పోయిందో నాకే తెలియదు.

చప్పుడుకి అమ్మాయి బయటికి వచ్చింది. కాసేపు చూసి విసుగ్గా, "ఒకసారి ఒక్కటే మార్చాలమ్మా. ల్యాబ్‌లో అలా చేస్తే సార్ రికార్డ్ సంతకం పెట్టరు" అంది. నా చేతిలోంచి మౌస్ తీసుకుంది. డాన్సు కోసం కాదు, నా పద్ధతి చూడలేక కూర్చుందది.

పాత రఫ్ నోట్‌బుక్ తీసి గీతలు గీసింది. పళ్లెం మీద జతి మొదలయ్యే ముప్పై సెకన్లు ఎంచుకుంది. ప్రతిసారీ ఆ ముప్పై సెకన్లే. వీఎల్‌సీ ప్లేయర్‌లో కంట్రోల్, జే కలిపి నొక్కితే ఒక చిన్న కిటికీ తెరుచుకుంటుంది, అందులో వీడియో ఏ రకమో, సెకనుకి ఎన్ని ఫ్రేములో ఉంటుంది. పక్కనే స్టాటిస్టిక్స్ అని ఉంటుంది, ఎన్ని ఫ్రేములు చూపించిందో, ఎన్ని 'లాస్ట్' అయ్యాయో లెక్క కనిపిస్తుంది. ముప్పై సెకన్లకి 1,800 ఫ్రేములు రావాలి. మొదటిసారే సగానికి పైగా పోయాయి. ఆ అంకె చూసి అది కొంచెం ముందుకు జరిగి కూర్చుంది.

ల్యాప్‌టాప్ నుంచి వైఫైలో కాకుండా ఫైల్‌ని డబ్బాలోకే కాపీ చేసి పెట్టింది. తేడా లేదు. అంటే నెట్ కాదు. మా మరిది పెళ్లి ఫుల్ హెచ్‌డీ వీడియో వేసింది. లాస్ట్ సున్నా. అంటే డబ్బా పాడవలేదు, కేబుల్ పాడవలేదు. మళ్లీ తరంగం వేసి టాస్క్ మేనేజర్ తెరిచింది. ప్రాసెసర్ నూటికి నూరు శాతం పనిచేస్తోంది, ఫ్యాను మిక్సీలా అరుస్తోంది.

ఆ ముప్పై సెకన్లు అలా పది పన్నెండుసార్లు మోగాయి. మామయ్య గారు కుర్చీలో కళ్లు మూసుకుని ఉన్నారు, నిద్రపోతున్నారనుకున్నాను. చూస్తే కుడి చెయ్యి తొడ మీద తాళం వేస్తోంది. ఉన్నట్టుండి, "తాళం తప్పానన్నావు, ఎక్కడే తప్పింది?" అన్నారు.

"ఇక్కడే తాతయ్యా. పాదం చూడు, వెనక పడుతోంది."

"పాదం సంగతి నాకు తెలియదు తల్లీ. గజ్జెలు వింటున్నా. సరిగ్గా తాళంలో పడుతున్నాయి. నువ్వూ కళ్లు మూసుకుని విను."

అది కళ్లు మూసుకుంది. నేనూ మూసుకున్నాను. నట్టువాంగం, మృదంగం, వాటితో పాటే పళ్లెం మీద గజ్జెల చప్పుడు, మూడూ ఒక్కచోటే పడుతున్నాయి. మైకు ముందు మోగిన గజ్జెలు అబద్ధం చెప్పవు కదా. మాట ఆగకుండా సాగుతోంది, బొమ్మ అందుకోలేక ఫ్రేములు వదిలేస్తోంది. అందుకే పాదం వెనకబడ్డట్టు కనిపిస్తోంది. నెల రోజులు ఆ పిల్ల మోసిన తప్పు దానిది కాదు.

అది కళ్లు తెరవడానికి చాలాసేపు పట్టింది. తెరిచాక, "మళ్లీ వెయ్యమ్మా" అని మాత్రం అంది.

అసలు జరుగుతున్నదేమిటో మా తమ్ముడు ఫోన్‌లో చెప్పాడు, నాకు అర్థమైన భాషలో మీకు చెబుతాను. ఫుల్ హెచ్‌డీ బొమ్మలో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు. 4కె లో 3840, 2160. అంటే నాలుగు రెట్లు, ఒక్కో బొమ్మకి దాదాపు 83 లక్షల చుక్కలు, అలాంటివి సెకనుకి 60. అంతటినీ ఉన్నదున్నట్టు దాచలేరు కాబట్టి మడతపెట్టి దాస్తారు. చీరల కొట్టు గుర్తు తెచ్చుకోండి. కొట్టులో ఒక కుర్రాడుంటాడు, మడత విప్పడమే వాడి పని, క్షణంలో విప్పుతాడు. 2003లో వచ్చిన హెచ్.264 అనే పాత మడత వాడికి వచ్చు. 2013లో హెచ్.265 అనే కొత్త మడత ఖరారైంది, దాన్నే హెచ్‌ఈవీసీ అంటారు. ఇంకా చిన్నదిగా, బిగుతుగా పెడుతుంది. మా డబ్బాలోని చిప్ ఆ మడత నేర్పక ముందు తయారైంది. కుర్రాడికి రాదు కాబట్టి గల్లాపెట్టె దగ్గర కూర్చున్న యజమానే లేచి వచ్చి ఒక్కో చీర విప్పుతున్నాడు. ఆ యజమానే ప్రాసెసర్. సెకనుకి అరవై చీరలు విప్పలేక కొన్ని పక్కన పడేస్తున్నాడు.

ఇందులో నవ్వొచ్చే సంగతి ఇంకొకటుంది. మా టీవీ ఫుల్ హెచ్‌డీ టీవీ. అంత కష్టపడి విప్పినా, తెర మీదికి వచ్చేది నాలుగో వంతు చుక్కలే. మిగతావి కుదించేస్తుంది. ఎక్కడా కనపడని చుక్కల కోసం ఆ డబ్బా ఊపిరి ఆడకుండా పరిగెత్తుతోంది. ఈ మాట విని నేను ఎందుకో గట్టిగా నవ్వలేకపోయాను. మా అమ్మాయి ఏడింటికి లేచి పదింటికి పడుకునే టైమ్‌టేబుల్ ఫ్రిజ్ మీద అంటించి ఉంది.

మందు తేలికైనదే. హ్యాండ్‌బ్రేక్ అని ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. దాంతో ఆ వీడియోని ఫుల్ హెచ్‌డీకి తగ్గించి, పాత మడతలో మళ్లీ మడతపెట్టించాలి. అసలు ఫైల్‌ని మాత్రం చెరపకూడదు, అది వేరే హార్డ్‌డిస్క్‌లో భద్రంగా పెట్టాం. ల్యాప్‌టాప్‌కి పని అప్పగించి భోజనాలు చేసి నిద్రపోయాం.

పొద్దున్న చూస్తే ప్రాసెసర్ హాయిగా ఉంది, లాస్ట్ సున్నా. కానీ పాదాలు ఎందుకో మునుపటంత చురుగ్గా లేవు. చూస్తే ఆ సాఫ్ట్‌వేర్ తనంతట తాను ఫ్రేముల్ని 30కి తగ్గించేసింది. డాన్సులో సగం ఫ్రేములు పోవడమంటే సగం అడుగులు మసకబారడమే. ఫ్రేమ్ రేట్ దగ్గర మూలంలో ఎంత ఉంటే అంతే అని పెట్టి మళ్లీ చేశాం. ఇంకో రాత్రి పోయింది.

మంగళవారం స్కూల్ నుంచి రాగానే యూనిఫాం మార్చుకోకుండానే వేసింది. లాస్ట్ సున్నా, ఫ్రేములు 60. బాగుంది. నాకైతే చాలా బాగుంది. అది మాత్రం తల అడ్డంగా ఊపింది. "ఇంకా ఏదో ఉందమ్మా. తెగట్లేదు, వణుకుతోంది. చెయ్యి పక్కకి తిప్పినప్పుడు చూడు." నేను చూశాను, నాకు కనపడలేదు. ఇంతసేపు చేశాం, చాల్లే అనబోయాను.

చాల్లే అనకపోవడం మంచిదైంది. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో టీవీకి వెళ్లే రిఫ్రెష్ రేట్ 50 హెర్ట్జ్ అని ఉంది. మన దేశంలో టీవీ ప్రసారాలు, పెళ్లి వీడియోలు 25, 50 లెక్కలో ఉంటాయి కాబట్టి మా వారు ఎప్పుడో అలా పెట్టి ఉంచారు. మరిది పెళ్లి బాగా కనపడింది అందుకే. ఇప్పుడు సెకనుకి 60 ఫ్రేములు వస్తుంటే తెర 50 చూపిస్తోంది, ప్రతి సెకనూ పది ఫ్రేములు నిశ్శబ్దంగా మాయం. ప్లేయర్ తన పని తాను చేసింది కాబట్టి దాని లెక్కలో సున్నానే. 60 హెర్ట్జ్‌కి మార్చింది. ఆ వణుకు పోయాక గానీ వణుకు ఉండేదని నాకు తెలియలేదు.

మొత్తం ఖర్చు సున్నా. మా వారికి చెబితే, "మరి టీవీ?" అన్నారు కొంచెం దిగులుగా. ఆయన సరదా ఆయనది.

వార్షికోత్సవాల రోజులు కాబట్టి మీకూ ఒక మాట. మీ ఇంట్లో ఈమధ్య కొన్న 4కె టీవీ ఉంటే ఈ తిప్పలు ఉండకపోవచ్చు, చాలా టీవీలు కొత్త మడతని వాటంతట అవే విప్పుకుంటాయి, పెన్‌డ్రైవ్ నేరుగా టీవీకే పెట్టి చూడండి. పాత టీవీ, పాత కంప్యూటర్ అయితే తీసేటప్పుడే 4కె బదులు 1080, సెకనుకి 60 ఫ్రేములు పెట్టుకోండి. ఐఫోన్ కెమెరా సెట్టింగ్స్‌లో ఫార్మాట్స్ అని ఉంటుంది, అక్కడ 'మోస్ట్ కంపాటిబుల్' అంటే పాత మడత. తీసిన వీడియో తెగుతుంటే ముందు తీసిన ఫోన్‌లోనే ఒకసారి వేసి చూడండి. అక్కడ బాగుంటే వీడియో బాగున్నట్టే. మేము ఆ ఒక్క పనీ మొదటిరోజు చేసి, పిల్ల చేతికి ఆ ఫోన్ ఇచ్చి ఉంటే ఈ నెల రోజులు ఉండేవి కావు.

బుధవారం రాత్రి భోజనాలయ్యాక మామయ్య గారిని సోఫాలో దిండ్లు పెట్టి కూర్చోబెట్టాం. అమ్మాయి ఆయన పక్కన కూర్చుంది. మా వారు విశాఖ నుంచి వీడియో కాల్‌లో ఉన్నారు, ఫోన్‌ని నీళ్ల సీసాకి ఆనించాం. తరంగం మొదలైంది. పళ్లెం మీద జతి వచ్చినప్పుడు నేను టీవీ చూడలేదు, దాన్నే చూశాను. పాదాలు తాళంలో పడుతుంటే దాని పెదాలు సొల్లుకట్టు పలుకుతున్నాయి, తనకి తెలియకుండానే. మామయ్య గారు ఒక్క మాట మాట్లాడలేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు.

పదకొండో నిమిషం దాటాక ఆయన చెయ్యి తొడ మీద ఒక్కసారి ఆగింది.

"ఇక్కడ" అన్నారు.

నాకు గుండె ఆగినంత పనైంది. ఈయన ఊరుకోకూడదా అనుకున్నాను. అమ్మాయి మాత్రం వెంటనే వీడియో ఆపింది.

"తెలుసు తాతయ్యా. మలుపులో పళ్లెం కొంచెం జారింది. ఒక దెబ్బ పోయింది. తర్వాత అందుకున్నాను."

"అందుకున్నావు. విన్నాను." కాసేపాగి, "ఎలా జారింది?" అన్నారు.

"చూపిస్తా ఉండు" అని లేచింది. నెల రోజులుగా మంచం కింద ఉన్న ఇత్తడి పళ్లెం తెచ్చింది. నేను టీపాయ్ గోడవైపు జరిపాను. పదో తరగతి సంగతి మేమింకా తేల్చుకోలేదు. ఆయన వాకర్‌ని పక్కకి నెట్టి, దిండు మీద సర్దుకుని, తొడ మీద తాళం మొదలుపెట్టారు.